ఏరు దాటించే ఓడమల్లయ్య

“ఏరు దాటేదాకా ఓడమల్లయ్య, ఏరు దాటినాక బోడిమల్లయ్య” అని తెలుగువారి సామెత. పొందిన మేలు మరచేవారిని గురించి దీనిని వాడుతారు. ఉపాధ్యాయుడు తరగతిలో ఈ సామెతకు కృతఘ్నత అని అర్థం చెప్పి మరొక సామెతకు పోతాడు. విద్యార్థి పరీక్షలో అదే వ్రాసి మార్కులు తెచ్చుకొంటాడు. మల్లయ్య సంగతి మాత్రం ఎవరికీ పట్టదు. అతడు ఏ రేవులో పడవ నడిపినాడు? మనిషికి ఎంత కూలి పుచ్చుకొన్నాడు? ధాన్యపు బస్తాను, ఎద్దులబండిని, పురిటినొప్పులు పడుతున్న ఆడమనిషిని ఏ విధంగా అవతలి ఒడ్డుకు చేర్చినాడు? పడవ మునిగిన నాడు తప్పు ఎవరిదని లోకం తీర్మానించింది? సామెత ఇవేవీ చెప్పదు. సామెతలకు అంత ఓపిక ఉండదు.

ఈ ప్రశ్నలకు జవాబు వెదకదలచినవారికి గోదావరి డెల్టాను మించిన చోటు తెలుగుదేశంలో లేదు. ధవళేశ్వరం దిగువన గోదావరి గౌతమి, వసిష్ఠ అని రెండుగా చీలుతున్నది. వసిష్ఠ నుండి వైనతేయ విడివడుతున్నది. ఈ పాయలకూ సముద్రానికీ నడుమ ఇమిడిన కోనసీమవారికి తరతరాలుగా పెళ్ళికి పోవాలన్నా, కోర్టుకు పోవాలన్నా, కొబ్బరికాయలు అమ్ముకోవాలన్నా ముందు ఏరు దాటడమే పని. ఊళ్ళ పేర్లే ఈ మాటకు సాక్ష్యం. వైనతేయ సముద్రంలో కలిసేచోట ఉన్న ఊరు ఓడలరేవు. కృష్ణా తీరాన విజయవాడ దగ్గరి ఇబ్రహీంపట్నంలో మరొక వింత జరిగింది. అక్కడి రేవుకు ‘ఫెర్రీ’ అన్న ఇంగ్లీషు మాటే స్థలనామమై కూర్చున్నది. ఫెర్రీ దగ్గర బస్సు దిగేవారిలో ఆ మాటకు ‘దాటు రేవు’ అని అర్థమున్నదని తలచుకొనేవారు ఎందరో!

నీరు దాటించే సాధనాలకు తెలుగులో పేర్లకు కరవు లేదు. ఒకే మానును తొలిచి చేసినది దోనె. దుంగలను కలిపి కట్టినది తెప్ప. బద్దలతో గుండ్రని బుట్టగా అల్లి తోలు కప్పినది పుట్టి. కృష్ణా తుంగభద్రలలో దీని వాడుక ఎక్కువ. రెండు దోనెలను పక్కపక్కన బిగిస్తే అది సంగడి. ఈ చివరి మాట దగ్గర కొంచెం ఆగవలసి ఉన్నది. సంగడి అంటే జత అనీ, చెలిమి అనీ కూడా అర్థం. సంగడికాడు అంటే స్నేహితుడు. ఒంటి దోనె పక్కకు ఒరిగిపోతుంది. రెండింటిని కట్టితే ఒకదానిని మరొకటి నిలబెడుతుంది. స్నేహానికి ఇంతకంటె మంచి నిర్వచనం నిఘంటువులలో దొరకదు. క్రీస్తుశకం మొదటి శతాబ్దినాటి గ్రీకు నావికుని గ్రంథమైన ‘పెరిప్లస్’ మన తూర్పు తీరంలో దుంగపడవలను జోడించి కట్టిన ‘సంగర’ అనే పెద్ద నావలను పేర్కొన్నది. పండితులు ఆ మాటను మన సంగడితో ముడిపెట్టినారు.

జంట పడవల మీద పలకలు పరిస్తే బల్లకట్టు అయినది. దాని మీదికి బండి ఎక్కింది, పశువు ఎక్కింది, తరువాత లారీ ఎక్కింది. కృష్ణాతీరంవారు దానిని బల్లకట్టు అనే పిలిచినారు. గోదావరివారు మాత్రం, చెక్క పోయి ఇనుము వచ్చినాక, పంటు అన్నారు. ‘పంట్’ అన్న ఇంగ్లీషు మాట పోలిక ఇందులో వినపడుతూనే ఉన్నది. కాని చివర ఉకారం చేర్చి నోటికి అలవాటు చేసుకొన్న పిమ్మట అది తెలుగు మాటే. నిలువు గోడలుగల ఇనుపపెట్టె, దాని మీద చదునైన తలం, రెండు కొనలా ఒడ్డుకు వంచి దించే పలక: ఇంతే పంటు స్వరూపం. అందచందాలకు అందులో తావు లేదు. తెరచాప పడవను వర్ణించిన కవులున్నారు గాని, పంటును వర్ణించబోయిన కవి కనపడడు.

మన ప్రాచీనులు మాత్రం దాటు పడవను చిన్నచూపు చూడలేదు. రాజమహేంద్రవరంలో, గోదావరి గట్టున, నన్నయ తెనిగించిన ఆదిపర్వంలో భారతవంశపు కథ ఒక దాటు పడవ దగ్గరనే మలుపు తిరుగుతున్నది. తండ్రి ఆనతిపై యమునలో జనాన్ని ధర్మార్థం దాటించే మత్స్యగంధి పడవను పరాశరుడు ఎక్కకపోతే వ్యాసుడు లేడు; వ్యాసుడు లేకపోతే భారతమే లేదు. రామాయణంలో గుహుని సంగతి పిల్లలకు సయితం తెలుసు.

కావ్యాలను అటుంచి శాస్త్రాలు చూచినా ఇదే శ్రద్ధ. కౌటిల్యుని అర్థశాస్త్రంలో నావధ్యక్షుడు అనే ఉద్యోగి ఉన్నాడు. రేవుల మీద అధికారమంతా అతనిది. ఏ రేవులో ఎంత కూలి తీసుకోవాలో అక్కడ పద్దు వ్రాసి ఉన్నది. చిన్న పశువుకు, చేతిబరువుతో ఉన్న మనిషికి ఒక మాషకం; తలమోపుకు, ఒంటిమోపుకు, ఆవుకు, గుర్రానికి రెండు; ఒంటెకు, గేదెకు నాలుగు; తేలిక బండికి అయిదు; పెద్ద బండికి ఏడు. మహానదులలో ఇవన్నీ రెట్టింపు. బ్రాహ్మణులు, సన్న్యాసులు, పిల్లలు, వృద్ధులు, రోగులు, రాజశాసనం మోసేవారు, గర్భిణులు నావధ్యక్షుని ముద్ర చూపి ఉచితంగా దాటవచ్చును. వేళగాని వేళ, రేవుగాని చోట దాటినవారికి జరిమానా. అయితే జాలరులకు, కట్టెలూ గడ్డీ మోసేవారికి, పూలతోట పండ్లతోటలవారికి, పశువుల కాపరులకు ఆ జరిమానా లేదు. వారికి ఏటితో పొద్దస్తమానం పని గదా! పాటలీపుత్రంలో కూర్చున్న మంత్రికి గడ్డిమోపువాని అవస్థ తెలియడం సామాన్యమైన విషయం కాదు.

అన్నిటికంటె గమనించదగినది వేరొకటి ఉన్నది. మనుషులు చాలక, సామగ్రి లేక, మరమ్మతు లేక పడవ చెడితే, పోయిన సొత్తుకు నావధ్యక్షుడే పరిహారం చెల్లించాలని కౌటిల్యుని శాసనం. మనుస్మృతి ఎనిమిదవ అధ్యాయంలో కూడా రేవుకూలి లెక్కలు ఉన్నవి. అక్కడ పడవవారి తప్పువల్ల నష్టమైతే పడవవారందరూ కలిసి చెల్లించాలనీ, దైవికమైతే దండన లేదనీ ఉన్నది. రెండు శాస్త్రాలు, రెండు చూపులు. ఒకటి ఉద్యోగిని పట్టుకొన్నది. రెండవది తెడ్డు పట్టినవానిని పట్టుకొన్నది. ఈ భేదాన్ని పాఠకులు మనసులో ఉంచుకొందురు గాక. దీని అవసరం ముందు వస్తుంది.

ఇక రేవుకు వద్దాము. పశ్చిమగోదావరి జిల్లా నరసాపురం దగ్గర మాధవాయిపాలెం రేవు. ఎదుట వసిష్ఠకు అవతల కోనసీమలోని సఖినేటిపల్లి. చూడవచ్చినవారికి ఇది మట్టి, డీజిలు మరకలు, టీ కొట్లు ఉన్న మామూలు ఒడ్డు. కాని ఈ మాధవాయిపాలెమే పదిహేడవ శతాబ్దిలో ఇంగ్లీషు వర్తకుల నోట ‘మాదపొల్లం’ అయినది. వారికి ఇక్కడ వర్తకశాల ఉండేది. ఇక్కడినుండి పోయిన నూలుబట్టకు ‘మాదాపోలం’ అన్న పేరు స్థిరపడి, ఆ మాట ఐరోపా నిఘంటువులకెక్కింది. ఇంగ్లీషు వర్తకులు నరసాపురంలో ఏటా ఓడలు కట్టించుకొనేవారని ఆ కాలపు నావికుడు థామస్ బౌరీ వ్రాసిపెట్టినాడు. సముద్రం దాటే ఓడలను కన్న ఒడ్డున, తరువాతి కాలంలో ఏరు దాటే పంటు నిలిచింది. దానిని చిన్నతనమనుకోనక్కరలేదు. ఆ ఓడలు కొద్దిమంది వర్తకులవి. ఈ పంటు ఊరందరిది.

చీకటి విడకముందే రేవులో పని మొదలవుతుంది. కళాసీలు అడుగున ఊరిన నీరు తోడుతారు. సరంగు ఇంజను నూనె చూస్తాడు. కొన్ని పంటులకు ఇంజను వాటిలోనే ఉంటుంది. కొన్నిటికి పక్కన ఇంజను పడవను మోకులతో బిగించి నడిపిస్తారు. అప్పుడు పంటు ఎద్దువలె బరువు మోస్తుంది, పడవ తోలేవానివలె తోవ చూపుతుంది. ఒడ్డున అప్పటికే వరస చేరుతుంది. పాలక్యానుల సైకిళ్ళు, మోటారు సైకిళ్ళు, కూరగాయల గంపలు, చేపల బుట్టలు, అరటిగెలల ఆటోలు, లేసు మూటలతో ఆడవాళ్ళు, పుస్తకాల సంచులతో పిల్లలు, అవతలి ఒడ్డు బడిలో పాఠం చెప్పబోయే పంతులుగారు. పలక దించగానే అందరికీ ఒకేసారి ఎక్కాలని ఉంటుంది. అక్కడే కళాసీ నేర్పు.

“బండి కొంచెం వెనక్కి తియ్యండి బాబుగారూ! అమ్మా, గంప మధ్యకు పెట్టుకోండమ్మా!” అంటాడు. “ఆయ్, అలాగేనండి” అంటుంది ఆవిడ. గోదావరివారి ఈ ‘ఆయ్’ లోని ఒప్పుకోలు మరే సీమ తెలుగులోను దొరకదు. కాని ఈ మర్యాదల వెనుక గణితం ఉన్నది. బరువైన బండి మధ్యకు రావాలి. కారు కుడివైపున నిలిస్తే ఎడమవైపున దానికి సరితూకం ఉండాలి. మోటారు సైకిళ్ళు అంచుల వెంట సర్దుకోవాలి. చక్రాల కింద చెక్కలు పెట్టాలి. కళాసీకి త్రాసు లేదు. అంచుకూ నీటికీ మధ్య ఎన్ని జానలు మిగిలినవో చూచి చాలునంటాడు.

ఆ జానల లెక్కను తరగతిగదిలో వేసి చూడవచ్చును. ఇరవై మీటర్ల పొడుగు, అయిదు మీటర్ల వెడల్పు ఉన్న పెట్టెవంటి పంటు ఒకటి అనుకొందాము. దాని అడుగు వైశాల్యం 100 చదరపు మీటర్లు. టన్ను బరువు ఎక్కితే అది టన్ను నీటిని, అంటే ఒక ఘనపు మీటరు నీటిని, పక్కకు నెట్టాలి. కనుక టన్నుకు ఒక సెంటీమీటరు వంతున పంటు కిందికి దిగుతుంది. మనిషికి 60 కిలోల వంతున అరవైమంది ఎక్కితే దిగేది నాలుగు సెంటీమీటర్లకు లోపు. తొమ్మిది టన్నుల లారీ ఎక్కితే తొమ్మిది సెంటీమీటర్లు. చూడగా ఇది భయపడవలసిన లెక్కగా తోచదు. ప్రమాదం దిగడంలో లేదు, ఒరగడంలో ఉన్నది. అదే అరవైమంది ఏదో వింత చూడాలని ఒక అంచుకు పరుగెత్తితే, ఆ అంచు నాలుగు సెంటీమీటర్లతో ఆగదు. నీరు తలం మీదికి ఎక్కితే ఆ నీరు కూడా ఒరిగినవైపుకే పోయి మరింత ఒరగదోస్తుంది. ఆర్కిమిడీసు పేరు ఎరుగని కళాసీ “కదలకండి బాబూ” అని కేక వేయడం ఇందుకే. సముద్రపు ఉప్పునీరు మంచినీటికంటె బరువు. ఎండాకాలంలో పోటు నీరు ఎగదన్నినప్పుడు అదే పంటు అదే బరువుతో వెంట్రుకవాసి పైకి తేలుతుంది. సైన్సు ఉపాధ్యాయులకు ఇంతకంటె మంచి ప్రయోగశాల ఏది?

మోకు విప్పినాక సరంగు పంటును సూటిగా ఎదుటి రేవుకు తిప్పడు. ప్రవాహానికి ఎదురువాలుగా, రేవుకు ఎగువగా గురి పెడతాడు. ఇంజను ముందుకు నెట్టితే, ఏరు పక్కకు నెట్టుతుంది. ఆ రెండు నెట్టుళ్ళూ కలిసి పంటును సరిగా రేవులో దింపుతవి. కొత్తగా ఎక్కినవాడు ‘ఇతడెక్కడికో తీసుకుపోతున్నాడే’ అని కంగారు పడతాడు. నరసాపురం దగ్గర మరొక చిక్కు ఉన్నది. సముద్రం చేరువ కాబట్టి పోటు వచ్చినప్పుడు ఏరు వెనక్కు పారుతుంది. అప్పుడు గురి దిగువకు పెట్టాలి. పోటూ పాటూ మారే సంధివేళ ఏరు ఎటూ తేల్చుకోక నిలిచిపోతుంది. అది సరంగుకు సులువైన వేళ, కాని ఆ సులువు ఎంతోసేపు నిలవదు. పాటువేళ నీరు తీసిపోయి ఇసుకమేటలు పైకి వస్తే పంటు ఒడ్డుదాకా రాలేదు. ఒక్కొక్కప్పుడు మేట మీద కూర్చుండిపోతుంది. మళ్ళీ పోటు వచ్చి లేపితే గాని లేవదు. కాబట్టి గడియారం చూచి బయలుదేరేవారికి ఈ రేవు పనికిరాదు. పౌర్ణమి, అమావాస్యలు ఎప్పుడో, ఆనాడు పోటు ఎంత ఎక్కుతుందో సరంగుకు పంచాంగం చూడకుండానే తెలుసు. ఏటి అడుగున మేట ఎటు జరిగినదో నీటి రంగును బట్టి చెబుతాడు. ఇది ఏ పుస్తకంలోను లేదు. ఒకని వెనుక ఒకడు నిలబడి నేర్చుకొన్న విద్య.

ఋతువును బట్టి రేవు ముఖం మారుతుంది. ధనుర్మాసపు ఉదయాలలో మంచు కమ్మితే అవతలి ఒడ్డు ఉన్నదో లేదో తెలియదు. కూత వేసుకొంటూ పోవాలి. మాఘమాసంలో అంతర్వేది లక్ష్మీనరసింహస్వామి కల్యాణమైతే మెట్టసీమ అంతా ఈ రేవుకే దిగుతుంది. చంకలో బిడ్డ, తలమీద మూట, నోట గోవిందనామం. ఆ రోజులలో సరంగుకు నిద్ర లేదు. ఆషాఢం నుండి గోదావరి ఎర్రబడుతుంది. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75 కు రెండవది, 17.75 కు మూడవది. మొదటి హెచ్చరిక అంటే సముద్రానికి పోయే నీరు సుమారు పది లక్షల క్యూసెక్కులు. 1986 ఆగస్టులో వచ్చిన మహావరదలో ఆ లెక్క 35 లక్షలు దాటింది. వరద వచ్చినప్పుడు పంటును గట్టుకు లాగి కట్టవలసిందే. కౌటిల్యుడు కూడా దాటురేవుల ఏర్పాటును ఆషాఢం నుండి కార్తికం దాకా ప్రత్యేకించి చెప్పినాడు. వానాకాలపు ఏరు మగధలోనైనా కోనసీమలోనైనా ఒకటే.

రేవుకు రెండు పాటలు అన్నమాట ఒకటి చెప్పుకోవచ్చును. మొదటిది తెడ్డు వేసేవారి హైలెస్సా. ఇంజను వచ్చి దానిని మింగివేసింది. రెండవది వేలంపాట. అది మాత్రం పోలేదు. 1890 లో మద్రాసు ప్రభుత్వం కాలువలకూ సార్వజనిక రేవులకూ ఒక చట్టం చేసింది. రేవును ఏడాదికి ఇంతని పాట పెట్టి, హెచ్చు పాడినవానికి కట్టబెట్టే పద్ధతి మనవారికి చిరపరిచితం. పాటదారు ముందుగా పెద్ద మొత్తానికి ఒప్పుకొంటాడు. వరదలో పంటు ఆగిన రోజులు అతని నష్టం. డీజిలు అతనిది, కూలి అతనిది, మరమ్మతు అతనిది. మిగులు ఎక్కడినుండి రావాలి? ఒక్కొక్క దాటుకు నలుగురు ఎక్కువ ఎక్కితే రావాలి. మరమ్మతు ఒక నెల వెనక్కు జరిగితే రావాలి. పాటదారు దుర్మార్గుడు కానక్కరలేదు. లెక్కే అతనిని ఆ వైపుకు నెట్టుతుంది, ప్రవాహం పంటును నెట్టినట్లు. పాట ఎంత పైకి పోతే ఖజానాకు అంత ఆనందం. ఆ ఆనందం బరువు చివరకు పంటు అంచు మీద పడుతున్నదని ఎవరూ కొలవరు. ఈ రేవు దాటు ఒక పౌరసేవ. రోడ్డు మీద నడిచే హక్కును ఎవరూ వేలం వేయరు గదా!

ఈ లెక్క తప్పినప్పుడు ఏమవుతుందో గోదావరి అనేకమార్లు చూపింది. 2018 జూలై 14 న గౌతమి పాయలో పశువుల్లంక దగ్గర బడినుండి ఇండ్లకు మరలుతున్న పిల్లలతో పోతున్న నాటుపడవ బోల్తాపడి పిల్లలు నీటిపాలైనారు. ఆ పడవ కొట్టుకొన్నది రాయికి కాదు, మేటకు కాదు. అక్కడే కట్టుబడిలో ఉన్న వంతెన స్తంభానికి. ఏ వంతెన పూర్తయితే ఆ పిల్లలు నడిచి ఇంటికి పోయేవారో ఆ వంతెన స్తంభమే అది. ఉపాధ్యాయులు ఆ ఊరి హాజరు పట్టీని ఒకసారి ఊహించుకోవాలి. ఎర్రసిరాతో గీత కొట్టవలసిన పేర్లు.

2019 సెప్టెంబరు 15 న పాపికొండల దారిలో కచ్చులూరు దగ్గర విహారపు పడవ మునిగింది. అది దాటు పడవ కాదు. కాని ఏరు అదే, వరద అదే. నదిలో అయిదు లక్షల క్యూసెక్కులకు పైగా నీరు పారుతున్న రోజు అది. పడవలో 77 మంది. బయటపడినవారు 26 మంది. లోతున, సుడిలో, బురదలో కూరుకొన్న ఆ పడవను అక్టోబరు 22 న పైకి తెచ్చినది కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం బృందం. వారు వాడినవి మోకులు, లంగర్లు, పంటు, చేతి అంచనా. తోడుగా విశాఖనుండి వచ్చిన మునిగేవారు. రేవు విద్య తక్కువదని తలచేవారికి ఈ సంగతి చెప్పదగినది.

ప్రతి ప్రమాదం తరువాత మొదట వినపడేది సరంగు పేరు. అనుమతి లేదంటారు, రక్షణ కవచాలు తొడగలేదంటారు, మితిమించి ఎక్కించినాడంటారు. అవి చాలామట్టుకు నిజాలే కావచ్చును. కాని అనుమతి లేని పడవ అన్నాళ్ళు ఎలా నడిచినట్లు? ఇక్కడే మను, కౌటిల్యుల తగవు మళ్ళీ తలెత్తుతున్నది. తెడ్డు పట్టినవానిని శిక్షించడం సులువు. అతడు కళ్ళ ఎదుట ఉంటాడు, లేదా నీటి అడుగున ఉంటాడు. నావధ్యక్షుని వెదకి పట్టడం కష్టం. ఈ రేవు ఒక శాఖది, ఆ ఇంజను మరొక శాఖది, ఆ ఏరు ఇంకొక శాఖది అయి కూర్చున్నప్పుడు కౌటిల్యుడు చూపిన ఒక్క మనిషి ఎక్కడా కనపడడు. 1917 నాటి పాత చట్టాన్ని తొలగించి 2021 లో కేంద్రం అంతర్దేశీయ నౌకల చట్టం తెచ్చింది. నమోదు, తనిఖీ, నడిపేవారి అర్హత మొదలైనవాటికి అందులో నియమాలున్నవి. నియమం పుస్తకంనుండి దిగి రేవులో పలక పక్కన నిలబడి తలలు లెక్కపెట్టేది ఏనాడన్నదే ప్రశ్న.

వంతెనల సంగతి త్వరగా చెప్పుకోవచ్చును. వాటి గురించి చెప్పేవారు చాలామంది ఉన్నారు. రాజమహేంద్రవరం దగ్గర 1900 లో హేవలాక్ వంతెన మీద రైలు నడిచింది. కాని అది రైలుకు మాత్రమే. రోడ్డు బండి అక్కడ నేలమీదివలె గోదావరి దాటడానికి 1974 లో రోడ్డు–రైలు వంతెన వచ్చేదాకా కాచుకోవలసి వచ్చింది. ఆ 74 ఏళ్ళూ పైన రైలు కూత వినపడుతుండగా కింద పడవలు తమ పని తాము చేసుకొన్నవి. యానాం–ఎదుర్లంకల నడుమ వంతెన 2002 లో తెరుచుకొన్నది; అక్కడి పంటు నాడే పాతకథ అయినది. వంతెన కావలసినదే. అర్ధరాత్రి పాముకాటుకు మందు కావలసినవానికి పోటు కోసం కాచుకోమని ఎవరు చెప్పగలరు? రేవు అందాన్ని తలచుకొని వంతెన వద్దనేవారు సాధారణంగా రోజూ ఏరు దాటనవసరం లేనివారే. నరసాపురం–సఖినేటిపల్లి మధ్య వంతెనకు ఒకటికి మించి శంకుస్థాపనలు జరిగినవి. ఎగువన చించినాడ దగ్గర వంతెన ఉన్నది గాని, అంతచుట్టు తిరిగే నూనెఖర్చు పాలక్యానువానికి గిట్టదు. అతనికి పంటే దారి.

వంతెన కట్టడం మొదలైన చోట చూడదగిన విషయం ఒకటి ఉన్నది. ఏటి నడుమ పునాది తొలిచే యంత్రం గాలిలో పోలేదు. దానిని పంటు మీదనే ఎక్కించి తీసుకుపోవాలి. ఇనుపచువ్వలు, సిమెంటు బస్తాలు, కూలీలు, వారి మధ్యాహ్నపు కూటిక్యారేజీలు అన్నీ పంటులే చేరవేస్తవి. సరంగు లంగరు దింపి, యంత్రం కదలకుండా మోకులు నాలుగువైపులా బిగించి, స్తంభం ఎక్కడ లేవవలసినదో ఇంజనీరు చూపిన చోట నిలబెడతాడు. సాయంకాలం అతడే, ఆ కొత్త స్తంభాల మధ్య కొత్తగా తిరిగిన సుడిని కనిపెట్టుకొంటూ, బడి వదిలిన పిల్లలను ఎక్కించుకొని అవతలి ఒడ్డుకు బయలుదేరుతాడు.